గొడ్డలి ఎత్తేముందు గోటితో గీకి చూడండి

ఈసారి మిరప రేటు గురించి రాయట్లేదు, పత్తి విత్తనాల గురించీ కాదు. ఇంటి ముందు ఉండే పారిజాతం చెట్టు గురించి రాస్తున్నా. "వానలు పడే టైములో ఈయనకి పూలచెట్ల గోలేంది" అనుకునేవాళ్లు అనుకోండి. కాకపోతే చివరిదాకా చదివి అనుకోండి.

సంగతేందంటే, ఈ ఎండాకాలం మా వీధిలో మూడు పారిజాతం చెట్లు కొట్టేశారు. మూడు ఇళ్లవాళ్లూ నాకు బాగా కావాల్సినవాళ్లే. అందులో ఒకాయన వరసకి బావ. ఈ పోస్టు ఆయన చదువుతాడని తెలిసే రాస్తున్నా. బావా, కోపమొస్తే ఇంటికి రా. టీ తాగుతా తిట్టుకుందాం.

మూడు చెట్లకి మూడు కారణాలు చెప్పారు. ఒక్కోటి చూద్దాం.

మొదటి కారణం మా బావది. "చెట్టు ఎండిపోయింది, అందుకే కొట్టేశా" అన్నాడు. ఎప్పుడు కొట్టాడయ్యా అంటే రోహిణి కార్తెలో. రోహిణి కార్తెలో పారిజాతం ఎట్టా ఉంటది? ఒక్క ఆకు ఉండదు. చీపురు తిరగేసి పాతినట్టు పుల్లలు పుల్లలుగా ఉంటది. అది ఆకు రాల్చే జాతి. కార్తీకం పోయి చలి ముదిరాక పూత తగ్గిద్ది, కాయలు ఎండుతాయి, తర్వాత ఆకు పండి రాలిపోద్ది. ఎండలు ముదిరేసరికి మోడు. మృగశిరలో నాలుగు చినుకులు పడితే కణుపు కణుపుకీ చిగురేస్తది. ప్రతి ఏడూ ఇదే వరస. వేప అట్టా కాదు, ఆకు రాల్చినా ఎండలు ముదరకముందే మళ్లీ కమ్మేస్తది. మనకి వేపని చూసిన కళ్లు కాబట్టి పారిజాతం మోడుని చూస్తే చచ్చిపోయింది అనిపిస్తది.

ఆకు ఎందుకు రాలుస్తది? ఆకులోంచే కదా నీళ్లు ఆవిరై పోయేది. వేళ్లకి తేమ అందనప్పుడు ఆకు ఉంచుకుంటే ఉన్న నీళ్లు కూడా పోతాయి. అందుకని ఖర్చు తగ్గించుకుంటది. పని ఆపేస్తది, ప్రాణం ఆపదు. చచ్చిందా బతికుందా తెలుసుకోవటానికి యూనివర్సిటీ సైంటిస్టు రానక్కర్లేదు. కొమ్మ మీద బొటనవేలి గోటితో పైతోలు కొంచెం గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండినట్టు. అప్పుడు కూడా చెట్టంతా పోయినట్టు కాదు. కిందకి వచ్చి ఇంకోచోట గీకండి. మొదలు దగ్గర గీకండి. అక్కడ కూడా పచ్చ లేకపోతే అప్పుడు, ఆరుద్ర దాకా ఆగి, గొడ్డలి తీయండి.

రెండో ఇంటివాళ్లు చెప్పింది గొంగళి పురుగులు. ఇది అబద్ధం కాదు, నేను ఒప్పుకుంటా. వానాకాలంలో పారిజాతానికి బొచ్చుపురుగు పడతది. మునగ చెట్టుకి పట్టినట్టే పగలంతా మొదలు మీద గుంపుగా అంటుకుని ఉంటాయి, రాత్రి పైకెక్కి ఆకు తింటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే భయమే, ఒంటి మీద పడితే దద్దుర్లొస్తాయి. కానీ అది గుంపుగా ఒకేచోట ఉండటమే మనకి వీలు. పగటిపూట పాత చీపురుతో బకెట్టులోకి ఊడ్చేయొచ్చు. బకెట్లో నీళ్లు, కాస్త కిరసనాయిలో సబ్బుపొడో కలిపి పెట్టుకోండి. చేతులకీ మెడకీ గుడ్డ కట్టుకోండి. వరసగా రెండు మూడు రోజులు చూసుకుంటే సరిపోద్ది. మొదలుకి మంట పెట్టొద్దు, బెరడు కాలిపోద్ది. మిరపకి ఏడాదికి ఎన్నిసార్లు మందు కొడతామో లెక్క చెప్పుకోవటానికి మనకే సిగ్గు. అన్నిసార్లు చేలో పురుగుతో కొట్లాడేవాళ్లం, వాకిట్లో ఒక్క చెట్టుకి రెండు పొద్దులు చీపురు పట్టలేమా?

మూడో ఇంటి కారణం వింటే నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. అబ్బాయి ఫోన్లో రెండు సంగతులు చూశాడంట. ఒకటి, పారిజాతానికి పెట్టిన శాస్త్రీయ నామంలో "దుఃఖపు చెట్టు" అనే మాట ఉంది, అది ఇంట్లో ఉంటే అరిష్టం అని. రెండు, ఉత్తరాదిన వందల ఏళ్ల పారిజాతం ఒకటుంది, దాని మొదలు గది అంత ఉంది, మన చెట్టు కూడా అట్టా పెరిగితే ప్రహరీ గోడ పగిలిపోద్ది అని.

మొదటిది సగం నిజం. నిక్టాంథిస్ ఆర్బర్-ట్రిస్టిస్ అని దాని శాస్త్రీయ నామం. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ దేశపు ఆయన పెట్టిన పేరు. ఆర్బర్-ట్రిస్టిస్ అంటే లాటిన్‌లో దుఃఖపు చెట్టు అనే అర్థం. రాత్రి పూసి పొద్దున్నే పూలన్నీ రాల్చేసి దిగాలుగా నిలబడతది కాబట్టి ఆ పేరు వచ్చింది. స్వీడన్ ఆయన లాటిన్‌లో పెట్టిన పేరుకి మన వాకిట్లో అరిష్టం ఏంది? మన పెద్దవాళ్లు దాన్ని దేవతా వృక్షం అన్నారు. శ్రీకృష్ణుడు రుక్మిణికి ఒక్క పారిజాతం పువ్విచ్చాడని సత్యభామ అలిగితే, ఆ గొడవ మీదే ముక్కు తిమ్మన పారిజాతాపహరణం అని కావ్యమే రాశాడు, రాయలవారి కాలంలో. బెంగాల్ వాళ్లు దీన్ని శివులి అంటారు. వాళ్లకి శివులి పూసిందంటే దుర్గాపూజ వచ్చినట్టే. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర పుష్పం కూడా ఇదే. 2020 ఆగస్టు 5న అయోధ్యలో భూమిపూజ రోజు ప్రధాని నాటింది కూడా పారిజాతం మొక్కే. అరిష్టమైతే ఇంతమంది ఎందుకు నాటుకుంటారు?

అట్టాగని, "ఇది నాటితే లక్ష్మి తలుపు తడతది" అని మొక్క అమ్మేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. మా వాకిట్లో ముప్పై ఏళ్ల పైనుంచి పారిజాతం ఉంది. లక్ష్మి వచ్చిన ఏడు వచ్చింది, రాని ఏడు రాలేదు. చెట్టు చెట్టే.

ఇక గది అంత మొదలున్న చెట్టు సంగతి. అది ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లా కింతూరులో ఉంది. అక్కడి జనం పారిజాతం అని పూజిస్తారు, వాళ్ల భక్తి వాళ్లది. కానీ అది మన పారిజాతం జాతి కాదు. ఆఫ్రికాలో ఎక్కువగా పెరిగే బావోబాబ్ అనే చెట్టు. మన పారిజాతం మల్లె, సన్నజాజి కుటుంబంలోది. మహా అయితే ఇంటి చూరుని దాటి కొంచెం పైకి పోతది, కొట్టుకుంటా ఉంటే మనిషెత్తు పొదలాగా ఉంచుకోవచ్చు. గోడకి ఐదారడుగులు ఎడంగా పెట్టుకుంటే ఏ గోడా పగలదు. పేరొకటే అయినంతమాత్రాన చెట్టొకటే కాదని చెప్పేవాడు లేక ఒక చెట్టు పోయింది.

ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. చెప్పని కారణం ఇంకోటి ఉంది, మూడు ఇళ్లలోనూ అదే. వాకిలంతా సిమెంటు చేయాలి. మా పల్నాట్లో అయితే నాపరాళ్లు పరవాలి. బండి పెట్టుకోవాలి, మిరపకాయ ఆరబోసుకోవాలి, ఊడ్చుకోవటానికి తేలిక. కాదనను, మా వాకిట్లో కూడా సగం నాపరాళ్లే. కానీ గుమ్మం నుంచి గేటు దాకా జానెడు మట్టి కనపడకుండా పరిచి, పైన రేకులేసి, "ఇంట్లో ఉక్కపోస్తంది" అని కూలరు కొంటున్నాం. పడ్డ వాన పడ్డట్టే వీధి కాలవలోకి పోతంది. మట్టిని నమ్ముకుని బతికేవాడి వాకిట్లో మట్టి లేకపోవటం ఏందో ఒక్కసారి ఆలోచించండి. వాకిలి మొత్తం వదలమనట్లేదు. ఒక మూల నాలుగడుగులు చాలు.

ఇప్పుడు నా సంగతి చెప్తా. పక్కవాళ్ల తప్పులు చెప్పి నాది దాచుకుంటే బాగుండదు.

మా చెట్టు మా అమ్మ పెట్టింది. పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చుకుని పాతుకుంది. ఏ చెట్టు పువ్వైనా కోసి పెట్టాలి, కింద పడింది దేవుడికి పనికిరాదు, పారిజాతం ఒక్కటే నేలన రాలినా పనికొస్తదని చెప్పేది. అందుకని సాయంత్రమే చెట్టు కింద ఊడ్చి పేడనీళ్లు చల్లేది. తెల్లారేసరికి తెల్లటి పూలు, పగడాల రంగు కాడలు, నేల కనపడేది కాదు. పగడమల్లె అనే పేరు దానికి ఊరికే రాలేదు.

2002లో వానలు ఎగ్గొట్టాయి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. 2003 ఎండాకాలం నేను చేలో రెండు బోర్లు వేయించా. రెండిట్లోనూ దుమ్మే లేచింది. రెండో బోరు బండికి డబ్బులిచ్చి పంపించి ఇంటికొచ్చిన రోజు, వాకిట్లో ఈ చెట్టు మోడులాగా కనపడింది. నాకు ఎందుకో కడుపు మండింది. "ఇది కూడా చచ్చింది, పొయ్యిలోకన్నా వస్తది" అని గొడ్డలి తీశా. మా అమ్మ ఒక్కటే మాట అన్నది. "చావలేదురా, గోరు పెట్టి చూడు." నేను వినలేదు. మొదలు దాకా కొట్టేశా. తీరా చూస్తే ప్రతి కొమ్మా లోపల పచ్చగా, తడిగా ఉంది.

మా అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మొదలు మీద ఇంత పేడ మెత్తి, గిన్నెలు కడిగిన నీళ్లు పోసుకుంటా వచ్చింది. ఆరుద్రలో వాన పడ్డాక మొదలు చుట్టూ చిగుర్లు లేచినయ్. మరుసటి ఏడు కార్తీకానికి మళ్లీ పూసింది. ఈరోజు మా వాకిట్లో ఉన్నది ఆ మోడు నుంచి లేచిన చెట్టే.

నేను మాత్రం అంత తొందరగా లేవలేదు. ఆ ఎండాకాలమే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మూడో బోరు వేయించా. అది కూడా అంతే. ఆ అప్పు తీరటానికి అరెకరం అమ్మాల్సి వచ్చింది. నీళ్లు లేనప్పుడు చెట్టు ఆకు రాల్చుకుని ఊరుకుంది. నేనేమో లేని నీళ్ల కోసం ఉన్నదంతా పోశా. ఇద్దరిలో ఎవరికి వ్యవసాయం తెలుసో మీరే చెప్పండి.

2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా చెట్టుకి ఆకు నిలవలేదు. కీళ్ల నొప్పులకి పారిజాతం ఆకు కషాయం పాత అలవాటు కదా, ఊరంతా వచ్చి దూసుకుపోయారు. అమ్మ ఎవర్నీ కాదనలేదు. కొంతమంది తగ్గిందన్నారు, కొంతమంది తగ్గలేదన్నారు. నేను వైద్యుణ్ని కాదు. జ్వరమొస్తే ఆసుపత్రికి పొండి, ఆకుని నమ్ముకుని ఇంట్లో పడుకోవద్దు. ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, మోడు అని నేను కొట్టేసిన చెట్టు దగ్గరికి మూడేళ్లకే ఊరంతా వచ్చింది.

ఇక పెంచుకోవాలనుకునేవాళ్లకి, నాకు అనుభవంలో తెలిసింది చెప్తా.

మన నల్లరేగడిలో నేల మట్టానికి నాటొద్దు. వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుద్ది. అడుగున్నర గుంట తీసి, తీసిన మట్టిలో ఎర్రమట్టి లేదా ఇసుక, ఒక తట్ట మాగిన పశువుల ఎరువు కలిపి, నేలకంటే జానెడు ఎత్తు దిబ్బలాగా చేసి నాటండి. ఎండ బాగా పడే చోటు చూడండి, నీడలో పెడితే ఆకు వస్తది, పూత రాదు. మొదటి రెండు ఎండాకాలాలు నాలుగైదు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి. తర్వాత దాని బతుకు అది బతుకుద్ది.

మొక్క కొననక్కర్లేదు. బిళ్లల్లాగా ఉండే చదును కాయలు ఎండి గోధుమరంగుకి వస్తాయి, ఒక్కో కాయలో రెండు గింజలు. పాతబడకముందే వేసుకోండి, మొలవటానికి వారాలు పడతది, తొందరపడి తవ్వి చూడొద్దు. వానాకాలంలో చెట్టు కింద వాటంతటవే మొలిచిన మొక్కలు కూడా దొరుకుతాయి. కొమ్మ పెట్టాలంటే చిటికెన వేలు లావుది, జానెడు ముక్క, తొలకరిలో పెట్టండి. నేను పది పెడితే నాలుగైదు బతుకుతాయి.

కొమ్మలు కొట్టటానికి ఒక టైముంది. కాయ రాలిపోయి, ఆకు పండేటప్పుడు కొట్టండి. పూత కొత్త కొమ్మల చివర్లలో వస్తది కాబట్టి, వానలకి కొత్త కొమ్మ లేచాక కత్తెర పెడితే ఆ ఏటి పూలు మీరే తెంపేసినట్టు. మోడుగా ఉన్నప్పుడు యూరియా వేయటం, బకెట్లు బకెట్లు నీళ్లు పోసి లేపాలని చూడటం చేయొద్దు. నిద్రపోయేవాణ్ని లేపి అన్నం పెట్టినట్టు ఉంటది. రాలిన ఆకు తగలబెట్టకుండా ఎరువు దిబ్బలో వేయండి.

ఒక మాట ఖరాఖండిగా చెప్తా. ఇది డబ్బులొచ్చే పంట కాదు. పువ్వు పొద్దెక్కేసరికి వాడిపోద్ది, మార్కెట్టుకి పోయేదాకా కూడా ఉండదు. "పారిజాతం వేయండి, ఎకరానికి లక్షలు" అని ఎవరైనా వీడియో పెడితే నమ్మొద్దు. ఎండాకాలం నీడ కూడా ఇవ్వదు, నీడ కావాలంటే వేప పెట్టుకోండి. మరి ఎందుకయ్యా అంటే, చేలో ప్రతి మొక్కనీ మనం లెక్క అడుగుతాం. ఎంత పెట్టాం, ఎంత వచ్చింది అని. ఇంటికొచ్చాక కూడా లెక్క అడగని చెట్టు ఒక్కటి ఉండాలి. ఆడవాళ్లు పొద్దున్నే దోసెడు పూలు ఏరుకుని దేవుడి దగ్గర పెట్టుకుంటే ఆ ఇల్లు ఇల్లులాగా ఉంటది. అంతకంటే నేను పెద్ద లాభం చెప్పలేను.

చివరిగా ఒకటి. ఇది చెట్టు గురించి మాత్రమే కాదు. వరసగా రెండేళ్లు పంట పోయిన రైతుని చూసి మనమే అంటాం, "వాడి పనైపోయింది" అని. అప్పిచ్చినవాడు అంటాడు, చుట్టాలంటారు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే అంటారు. అన్నవాళ్లు మర్చిపోతారు. పడ్డవాడు రాత్రిళ్లు అదే తలుచుకుంటా కూర్చుంటాడు. 2003లో ఆ మాట నన్ను కూడా అన్నారు. అప్పుడు గోటితో గీకి చూసినవాళ్లు ఇద్దరే, మా అమ్మ, మా ఇంటావిడ. వాళ్లు లేకపోతే ఈ పోస్టు రాయటానికి నేను ఉండేవాణ్ని కాదేమో. మీ పక్కన అట్టాంటి రైతుంటే ఎండాకాలంలో తీర్పు చెప్పకండి. దగ్గరికెళ్లి ఒకమాట మాట్లాడి చూడండి. లోపల పచ్చగానే ఉంటాడు.

మా అమ్మ 2011లో పోయింది. చెట్టు ఉంది. ఈ ఏడు కూడా మృగశిర రాగానే చిగురేసింది, నిన్న పొద్దున చూసుకున్నా.

బావా, నువ్వు కొట్టేసిన చెట్టు మొదలు ఇంకా పీకలేదు కదా. నాపరాళ్ల మేస్త్రి వచ్చేలోపు ఒకసారి వంగి గోటితో గీకి చూడు. పచ్చ కనపడితే ఆ మూల నాలుగడుగులు వదిలేయమని చెప్పు. కనపడకపోతే మా చెట్టు కింద మొలిచిన మొక్కలు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, ఒకటి నీది. మిగతావి ఎవరికి కావాలన్నా వచ్చి ఊరికే తీసుకుపోండి. వచ్చేటప్పుడు మట్టి జారిపోకుండా ఒక పాత గోనెసంచి ముక్క తెచ్చుకోండి.

ఉంటాను. అందరికీ ఈ ఏడు వానలు అనుకూలించాలని కోరుకుంటున్నా.